బడి ఫలితం గ్రామసభలో తేలాలి

ఏటూరునాగారం ఏజెన్సీలో ఒక కోయ కుటుంబం బతుకు మూడు కాగితాల చుట్టూ తిరుగుతుంది. సాగులో ఉన్న చెలక ఎవరి పేరున ఉందో చెప్పే పహాణీ ఒకటి. తరాలుగా చేసుకుంటున్న పోడుకు దక్కాల్సిన హక్కు పత్రం రెండోది. ఊరి వనరుల మీద ఎవరేం తీర్మానించారో రాసి ఉంచే గ్రామసభ పుస్తకం మూడోది. ఈ మూడింటి వెనకా గట్టి చట్టాలే ఉన్నాయి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలుచుకునే ఆ సవరణ ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరే రుజువు చూపేదాకా, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చినట్టే లెక్క. 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం) గ్రామసభకు అధికారం ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సాగుదారుకు హక్కు ఇచ్చింది. అయితే చట్టాన్ని చదివి, దరఖాస్తు రాసి, కాదంటే గడువులోగా అప్పీలుకు వెళ్లే మనిషి ఊళ్లో లేకపోతే ఇవన్నీ గెజిట్ పుటల్లోనే ఉండిపోతాయి. కాబట్టి ఇక్కడ మంచి బడి అనేది పిల్లల భవిష్యత్తుకు ఎంత సంబంధించిందో, స్థానిక పాలనకూ అంతే సంబంధించింది.

మంచి బడిని మనం కొలిచే తీరు మాత్రం వేరు. పదో తరగతి ఫలితాలు రాగానే ఎందరికి అత్యధిక మార్కులు వచ్చాయి, ఐఐటీల్లో ఎందరికి సీట్లొచ్చాయి, పూర్వ విద్యార్థుల్లో ఎందరు ఐఏఎస్‌లయ్యారు అని చూస్తాం. ఈ లెక్క తప్పని ఎవరూ అనలేరు. అది సగం లెక్క. బడి నుంచి బయటికి వెళ్లినవారు అందులో కనిపిస్తారు. ఊరి పని నడపడానికి మిగిలినవారు, తిరిగి వచ్చినవారు కనిపించరు. ఏటూరునాగారం లాంటి చోట ప్రజాసేవలో పెద్ద భాగం ఆ రెండో సగంలోనే జరుగుతుంది.

సర్వేల్ నేర్పింది

తెలుగునాట బడికీ ప్రజాసేవకూ ఉన్న బంధానికి సాక్ష్యం కావాలంటే ముందు సర్వేల్ వెళ్లాలి. వంగర పల్లె నుంచి హనుమకొండకు వచ్చి హైస్కూలు చదువుకున్న పి.వి. నరసింహారావు 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యారు. రెండు నెలలు నిండకముందే, నవంబరు 23న, అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల తెరుచుకుంది. ఆ వెంటే కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్లి వచ్చాయి. 1985లో కేంద్ర మానవ వనరుల మంత్రిత్వ శాఖ ఆయన చేతికి వచ్చాక నవోదయ విద్యాలయాలు మొదలయ్యాయి. వరంగల్ దగ్గర మామునూరు నవోదయ ఆ పరంపరలోదే.

సర్వేల్ ఏం ఇచ్చింది? ఖమ్మం జిల్లా కిష్టాపురంలో పుట్టి అక్కడ చదువుకున్న ఎం. మహేందర్‌రెడ్డి తెలంగాణ పోలీసు శాఖకు డీజీపీ అయ్యారు, ఆపైన 2024లో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు అధ్యక్షత వహించారు. అదే ఏడాది డిసెంబరులో ఆ కుర్చీలోకి వచ్చిన బుర్రా వెంకటేశం ఐఏఎస్‌దీ సర్వేల్ బడే. రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగులను ఎంపిక చేసే సంస్థను వెంటవెంటనే ఒకే పల్లె బడి పిల్లలిద్దరు నడిపారంటే అది యాదృచ్ఛికమని కొట్టిపారేయదగ్గ సంగతి కాదు.

దీని వెనక పనిచేసినవి మూడు. టీచర్లు బడి ఆవరణలోనే కాపురం ఉన్నారు. పాఠం గంటతో ముగిసినా పిల్లవాడి మీద పెద్దవాళ్ల చూపు ముగియలేదు. వేర్వేరు కులాల, వేర్వేరు జిల్లాల పిల్లలు ఒకే వరుసలో కూర్చుని తిన్నారు. తర్వాత ఏ దఫ్తరులో కూర్చున్నా ఎదుటివాడిని మనిషిగా చూడడానికి ఆ పంక్తి పునాది వేసింది. మూడోది, తమ చదువు జనం సొమ్ముతో సాగిందన్న ఎరుక. ఫీజు కట్టి చదివినవాడికి చదువు కొనుక్కున్న సరుకు. గురుకులంలో చదివినవాడికి అది తీర్చుకోవలసిన బాకీ. అందరూ తీర్చుకుంటారని కాదు, ఆ బాకీ ఉందని మాత్రం వాళ్లకు తెలుసు.

విశ్లేషకుడు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. గురుకులం ప్రవేశ పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లలతో మొదలవుతుంది. చురుకైనవాళ్లను ఏరి తెచ్చి, వాళ్లు పైకొచ్చాక ఆ ఘనతంతా బడిదే అనడం లెక్కకు నిలవదు. ఏరిన పిల్లల్లో ఎందరు పైకొచ్చారన్నది ఒక ప్రశ్న. ఏరగా మిగిలిన పిల్లలకు ఏ బడి దొరికిందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి 1980ల్లో సాంఘిక సంక్షేమ గురుకులాలకు చొరవ చూపినప్పుడు ఈ రెండో ప్రశ్నకే జవాబు వెతికారు. పోటీలో ముందున్నవాళ్లను ఇంకా ముందుకు తోయడం దగ్గరే ఆగకుండా, అసలు పోటీ గీత దగ్గరికే రానివ్వని దళిత పిల్లలకు అదే స్థాయి బడి ఇవ్వాలన్నది ఆ ఆలోచన. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో కూలి కుటుంబానికి చెందిన ఈ గిరిజన బాలిక చదివింది అలాంటి గురుకులంలోనే. ఆ రోజు ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్‌ది కూడా గురుకులమే. అవకాశం అందితే ఎంత దూరం పోవచ్చో వాళ్లు చూపారు. అందనివాళ్ల సంగతి మనం చూడాలి.

మార్లవాయి దారి వేరు

సర్వేల్‌కు దాదాపు మూడు దశాబ్దాల ముందే ఆదిలాబాద్ అడవుల్లో మరో ప్రయోగం జరిగింది. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ నిజాం ప్రభుత్వానికి సలహాలిస్తూ, 1943లో మార్లవాయిలో గోండు యువకులకు శిక్షణ కేంద్రం పెట్టించారు. ఎలాగో నాలుగక్షరాలు నేర్చిన గోండు యువకులను ఏరి, తర్ఫీదు ఇచ్చి, వాళ్లనే గోండు గూడేలకు పంతుళ్లుగా పంపడం ఆ పథకం ప్రాణం. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. తొలి తరగతుల పాఠం ఇంటి భాషలోనే సాగింది. అక్కడ తర్ఫీదు పొందినవారే ఉపాధ్యాయులుగా, గ్రామస్థాయి ఉద్యోగులుగా, తమవాళ్ల తరఫున కచేరీలో మాట్లాడే మనుషులుగా నిలిచారు. హైదరాబాద్ సంస్థానం పోయాక గోండిలో బోధన క్రమంగా ఆగిపోయింది. దశాబ్దాల తర్వాత ఆ గూడేలకు తిరిగి వచ్చిన హైమండార్ఫ్ అక్కడ తగ్గినదేమిటో తన పుస్తకాల్లో రాసిపెట్టారు.

సర్వేల్ పిల్లవాడిని ఊరి నుంచి బడికి తీసుకుపోయింది. మార్లవాయి బడినే ఊరికి తెచ్చి, ఊరివాడినే పంతులును చేసింది. మొదటిది రాష్ట్రాన్ని నడిపేవాళ్లను ఇచ్చింది, రెండోది గూడేన్ని నడిపేవాళ్లను ఇచ్చింది. ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ అని తూచాల్సిన పని లేదు. ఏజెన్సీకి రెండూ కావాలి. చిక్కేమిటంటే ఏటూరునాగారానికి ఈ రెండూ సగం సగమే అందాయి.

వాగు అవతలి బడి

ఏటూరునాగారం వరంగల్‌కు 100 కిలోమీటర్ల పైచిలుకు దూరం. 2016 దాకా వరంగల్ జిల్లాలో, ఆపైన జయశంకర్ భూపాలపల్లిలో, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉంది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా గిరిజన సంక్షేమానికి కేంద్రం మాత్రం ఇక్కడి సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయమే. ఒక వైపు గోదావరి, చుట్టూ అభయారణ్యం, నడుమ జంపన్నవాగు లాంటి వాగులు. 2023 జూలై వరదల్లో జంపన్నవాగు కొండాయిని ముంచెత్తింది, పలువురు ప్రాణాలు కోల్పోయారు, ఊరికి వెళ్లే వంతెన కూలిపోయింది. అంత విపత్తు రాని ఏడాదిలో కూడా వానాకాలమంతా వాగు పొంగిన రోజున టీచరు బడికి రాడు. బడి తెరిచిన తొలి నెలలు, అంటే పిల్లవాడికి అక్షరం పట్టుబడాల్సిన నెలలు, సరిగ్గా ఈ వానల్లోనే వస్తాయి. జనవరి దాటితే గోదావరి ఒడ్డు చేలల్లో మిర్చి ఏరుడు, ఎండలు ముదిరితే తునికాకు. పెద్దలు కూలికి పోతే చంటిబిడ్డను ఎత్తుకునేది బడికి పోవాల్సిన అక్కే. మన బడి క్యాలెండరు మైదాన ప్రాంతపు క్యాలెండరు. ఏజెన్సీ పనుల క్యాలెండరుతో దానికి పొత్తు లేదు.

ఇక్కడి చదువుల మెట్లు కూడా విచిత్రంగా ఉంటాయి. గూడెంలో గిరిజన సంక్షేమ ప్రాథమిక పాఠశాల ఉంటుంది. చాలా చోట్ల ఒకరిద్దరు టీచర్లే అన్ని తరగతులూ చూసుకోవాలి. మూడో తరగతి నుంచి పిల్లలు ఆశ్రమ పాఠశాలకు మారుతారు. అక్కడే తిని, అక్కడే పడుకుని, పదో తరగతి దాకా చదువుతారు. ఇంతలో ఐదో తరగతిలో చేరడానికి గురుకుల ప్రవేశ పరీక్ష వస్తుంది. గూడెం బడిలో తెలివిగా కనిపించిన పిల్లలను ఆ పరీక్ష ఏరుకుపోతుంది. మిగిలినవాళ్లు ఆశ్రమ పాఠశాలలో ఉంటారు. గురుకులానికి వేరే సొసైటీ, వేరే బడ్జెట్, వేరే నియామకాలు, వేరే పేరు ప్రతిష్ఠలు. ఆశ్రమ పాఠశాల సమస్యలు చాలాకాలంగా పాతవే: కాంట్రాక్టు మీద పనిచేసే ఉపాధ్యాయులు, ఒకే మనిషి మీద పడే ప్రధానోపాధ్యాయుడి, వార్డెన్ బాధ్యతలు, జ్వరాల సీజన్‌లో నర్సు లేని రాత్రులు. పదేళ్ల పిల్లవాడి మీద ఒక పూట పరీక్ష చెప్పిన తీర్పు వాడి బతుకంతటినీ ఏ బడివైపు మళ్లిస్తుందో ఆలోచిస్తే, సర్వేల్ పంట చూసి మురిసే ముందు కాస్త ఆగాలనిపిస్తుంది.

2011 జనగణన ప్రకారం తెలంగాణ అక్షరాస్యత 66 శాతం దాటింది. గిరిజనుల్లో అది 50 శాతానికి కూడా చేరలేదు, 49.5 దగ్గరే ఆగింది. ఆ తర్వాత ఈ అంకె పెరిగే ఉంటుంది. అయితే ఆనాడు ఆరేళ్ల వయసున్న పిల్లలు ఇవాళ ఓటర్లు. వాళ్ల తల్లిదండ్రుల్లో సగం మంది గ్రామసభ తీర్మానం కింద వేలిముద్ర వేసిన తరం. కాగితం మీద ఏముందో తెలియకుండా వేసిన ప్రతి వేలిముద్రా ఒక హక్కును వదులుకున్న గుర్తు కావచ్చు.

భాష సంగతి చెప్పకుండా ఈ ప్రాంతపు బడి కథ పూర్తి కాదు. ఇంట్లో కోయ మాట్లాడే బిడ్డ ఒకటో తరగతిలో తెలుగు వింటుంది, ఇప్పుడు దానితో పాటు ఇంగ్లీషూ వింటుంది. మాతృభాషలో ప్రాథమిక బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణలో ఉంది. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని విద్యాహక్కు చట్టమూ చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామీ, సవర సహా ఎనిమిది భాషల్లో బహుభాషా బోధన ప్రయోగం మొదలైంది. పుస్తకాలు వచ్చాయి, టీచర్లకు తర్ఫీదు ఇచ్చారు. ఆ ప్రయోగం బడుల వ్యవస్థలో వేళ్లూనుకునేలోగా దాని మీద ఆసక్తి పోయింది. మన పిల్లలకు తెలుగు మాధ్యమమా, ఇంగ్లీషు మాధ్యమమా అని టీవీల్లో గంటలకొద్దీ చర్చించాం. ఆ చర్చలో కోయ బిడ్డకు రెండూ పరాయి భాషలే అన్న మాట వినిపించలేదు.

తెగిన చదువు, అతికిన చదువు

ఈ ప్రాంతం నుంచి ప్రజాజీవితంలోకి వచ్చినవారిలో అందరికీ తెలిసిన పేరు సీతక్క. ములుగు దగ్గర జగ్గన్నపేటలో కోయ కుటుంబంలో పుట్టిన దనసరి అనసూయ బడి వయసులోనే నక్సల్ దళంలోకి వెళ్లారు. 1990ల్లో బయటికి వచ్చి న్యాయశాస్త్రం చదివారు. 2009లో తొలిసారి ములుగు ఎమ్మెల్యే అయ్యారు, 2018లోనూ 2023లోనూ మళ్లీ గెలిచారు. 2023 డిసెంబరు నుంచి పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, స్త్రీ శిశు సంక్షేమ శాఖల మంత్రిగా ఉన్నారు. 2022లో ఎమ్మెల్యేగా ఉండగానే ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ పట్టా అందుకున్నారు.

ఆ పరిశోధన విషయం పట్టా కంటే ఎక్కువగా చెబుతుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి వరంగల్, ఖమ్మం అడవుల్లో గుంపులుగా బతుకుతున్న గుత్తికోయలు సమాజానికీ పథకాలకూ ఎలా దూరమవుతున్నారన్నది ఆమె ఎంచుకున్న ప్రశ్న. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో అలాంటి గుంపులు ఎన్నో. సరిహద్దు అవతల షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉన్న కుటుంబాలకు ఇవతల కుల ధ్రువీకరణ పత్రం దొరకడమే గగనం. ఆ పత్రం లేకపోతే ఆశ్రమ పాఠశాలలో సీటూ కష్టమే, ఉపకారవేతనమూ కష్టమే. పెద్ద చదువు చదివి దూరదేశపు సిద్ధాంతం మీద కాకుండా, తన నియోజకవర్గంలో ఓటు హక్కు కూడా సరిగా లేని మనుషుల మీద ఒక ప్రజాప్రతినిధి పరిశోధన చేశారంటే, చదువుకు ఊరి దారి తెలుసన్నమాట.

ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి. సీతక్క బతుకును స్ఫూర్తి కథగా మాత్రమే చెప్పుకుంటే వ్యవస్థ తప్పించుకుంటుంది. బడి వయసులో తెగిన చదువును మళ్లీ అతుక్కోవడానికి ఆమెకు పట్టిన ఏళ్లు, కావలసి వచ్చిన పట్టుదల అసాధారణమైనవి. అదే వయసులో బడి వదిలిన ఇతర పిల్లల్లో ఎక్కువమందికి అలాంటి రెండో అవకాశం రాలేదు. కొందరు అడవిలోనే ఆగిపోయారు, ఎందరో కూలి చేలల్లో ఆగిపోయారు. ఒక మనిషి సాధించినదాన్ని చూసి ఆనందించాలి. అంత కష్టపడితేగాని సాధ్యం కాని ఏర్పాటును మాత్రం నిలదీయాలి.

జీవో 3 పోయాక

ఏజెన్సీ బడి నుంచి ప్రజాసేవకు ఉన్న దగ్గరి దారి పంతులు కొలువు. పదో తరగతి, ఇంటర్, డీఎడ్ చేసి గూడేనికే టీచరుగా తిరిగి రావడం. ఆ దారిని వెడల్పు చేయడానికి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2000 జనవరి 10న జీవో నంబరు 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది దాని సారం. మైదానం నుంచి వచ్చిన టీచర్లు తరచూ బడికి రాకపోవడం, వచ్చినా పిల్లల భాష రాకపోవడం ఆ ఉత్తర్వుకు ప్రభుత్వం చూపిన కారణాలు. ఏటూరునాగారం నుంచి పాడేరు దాకా గూడేల్లో మొదటి తరం గిరిజన టీచర్లు పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ రెండు దశాబ్దాల్లోనే.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమని, గిరిజనులకు గిరిజనులే చెప్పాలన్న భావన సరికాదని, ఐదో షెడ్యూలు కింద గవర్నర్ అధికారానికీ హద్దులున్నాయని తేల్చింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది. తీర్పులో పట్టించుకోవలసిన వాదన ఉంది. ఏజెన్సీలో తరాలుగా ఉంటున్న దళిత, వెనుకబడిన కులాల యువకులకు కూడా ఆ పోస్టుల్లో చోటు ఉండాలన్న మాటను తేలిగ్గా తోసివేయలేం. పిల్లల వైపు నుంచి చూస్తే మాత్రం తీర్పు ఒక ఖాళీ మిగిల్చింది. పిల్లల భాష వచ్చిన, గూడెంలోనే ఉండే టీచరు కావాలన్న అవసరం 2020లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

ఈ ఖాళీని పూడ్చే మార్గం రిజర్వేషన్ శాతాల దగ్గర ఆగనక్కర్లేదు. కోయ మాట్లాడే పిల్లలున్న బడిలో ఒకటి నుంచి మూడో తరగతి వరకు బోధించాలంటే కోయ భాషా పరీక్షలో ఉత్తీర్ణత తప్పనిసరి అర్హత చేయవచ్చు. కులంతో పని లేకుండా ఆ భాష నేర్చుకున్న ఎవరికైనా అవకాశం ఉంటుంది. కోయ ఇంటి బిడ్డకు అది సహజమైన బలం అవుతుంది. బడి ఉన్న మండలంలోనే నివాసం ఉండాలన్న షరతును ఇంటి వసతితో కలిపి పెట్టవచ్చు. సర్వేల్‌లో టీచరు ఆవరణలో కాపురం ఉన్నట్టే, ఆశ్రమ పాఠశాల పక్కన నాలుగు క్వార్టర్లు కట్టడం నిపుణుల కమిటీ తేల్చాల్సినంత చిక్కు సమస్య కాదు.

పాఠంలోకి రాని చట్టం

మళ్లీ ఆ మూడు కాగితాల దగ్గరికి వద్దాం. అటవీ హక్కుల చట్టం కింద ప్రతి గ్రామసభా 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. అందులో మూడింట రెండు వంతులు గిరిజనులు, మూడింట ఒక వంతు మహిళలు ఉండాలి. కమిటీకి ఒక కార్యదర్శి కావాలి. వచ్చిన దరఖాస్తులు నమోదు చేయాలి, సరిహద్దులు చూపే పటం గీయాలి, సాక్ష్యాలు జతచేయాలి. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే అని నిబంధనలు చెబుతాయి, రాతలో పెడితేనే. గ్రామసభ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి వెళ్లాలి. నూరేళ్ల జ్ఞాపకం ఉన్న తాతకు హద్దురాయి ఎక్కడుందో తెలుసు. దాన్ని రాయగల మనవడు లేకపోతే ఆ జ్ఞాపకానికి చట్టం దగ్గర విలువ లేదు. 2023 జూన్ చివర్లో రాష్ట్ర ప్రభుత్వం 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఎవరి పేరు చేరింది, ఎవరి పేరు జారిపోయింది అన్నదాన్ని తేల్చినవాటిలో ఈ రాతకోతల పాత్ర చిన్నది కాదు.

ఏటూరునాగారం పక్కనే ఉన్న మంగపేట మండలం ఇంకో ఉదాహరణ. అక్కడి 23 గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అన్న వివాదం దశాబ్దాల తరబడి నలిగింది. 2023 జూలైలో హైకోర్టు అవి షెడ్యూల్డ్ ప్రాంతమేనని తీర్పు చెప్పింది. అంతకాలం సాగిన ఆ వ్యాజ్యంలో తీర్పు ఆధారపడింది ఊరేగింపుల మీద కాదు, నిజాం కాలపు నోటిఫికేషన్ల మీద, పాత రికార్డుల మీద. పాత కాగితాన్ని వెతికి, చదివి, నిలబెట్టగల మనుషులు ఉన్న సమాజం కోర్టులో నిలబడుతుంది. గోదావరి ఇసుక రీచ్‌ల మీద గిరిజన సహకార సొసైటీలకు హక్కు ఉన్న చోట కూడా ఇదే సూత్రం. లెక్కల పుస్తకం చదవగల సభ్యులుంటే సొసైటీ నడుస్తుంది, లేకపోతే పెత్తనం కాంట్రాక్టరుదవుతుంది.

ఇంత ఉండీ, ఏజెన్సీ బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడు చదివే పౌరశాస్త్రంలో పార్లమెంటు రెండు సభల గురించి ఉంటుంది, తన ఊరి గ్రామసభకు పెసా ఇచ్చిన అధికారాల మీద పిల్లవాడు ఒక్క తీర్మానమైనా రాసి చూడడు. గణితంలో రైలు వేగాలు ఉంటాయి, పట్టాలోని గుంటలనూ ఎకరాలనూ కూడి తన ఇంటి భూమి లెక్క చూసుకునే అభ్యాసం ఉండదు. టాంజానియా నాయకుడు జూలియస్ నైరేరే స్వయంగా బడి పంతులు. 1967లో స్వావలంబన కోసం విద్య పేరుతో రాసిన విధాన పత్రంలో ఆయన ఎత్తిచూపిన లోపం ఇదే. వలస పాలన నుంచి వచ్చిన బడి కొద్దిమందిని పై చదువులకు సిద్ధం చేస్తూ, ఊళ్లోనే బతకబోయే అత్యధికులకు తాము ఓడిపోయామన్న భావన మిగులుస్తోందని ఆయన విమర్శ. ఆయన తెచ్చిన సంస్కరణలన్నీ ఫలించలేదు. చేసిన విమర్శ మాత్రం ఏటూరునాగారంలో ఇవాళ్టికీ చెల్లుతుంది.

పై అంతస్తు, పునాది

రాష్ట్ర విభజన చట్టం 2014లో ఇచ్చిన హామీ మేరకు ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. 2023 డిసెంబరులో పార్లమెంటు చట్ట సవరణ ఆమోదించింది, 889 కోట్ల రూపాయల పైచిలుకు వ్యయం అంచనా వేశారు. ఇది సంతోషించదగ్గ సంగతే. అయితే ఆ విశ్వవిద్యాలయం తరగతి గదుల్లో కొండాయి, తాడ్వాయి, వాజేడు పిల్లలు ఎందరు కూర్చుంటారన్నది ఢిల్లీలో తేలదు. మూడో తరగతిలో కోయ బిడ్డ పుస్తకం చదవగలిగిందా లేదా అన్న చోట తేలుతుంది. పునాది బలహీనంగా ఉంటే గిరిజన విశ్వవిద్యాలయం గిరిజన ప్రాంతంలో ఉన్న విశ్వవిద్యాలయంగా మిగులుతుంది.

అదే విశ్వవిద్యాలయాన్ని పునాది పనికి వాడుకోవచ్చు. కోయ బోధకుల తర్ఫీదు, వాచకాల తయారీ, గ్రామసభ కార్యదర్శులకు స్వల్పకాలిక కోర్సులు మొదటి అయిదేళ్ల పనిగా పెట్టుకుంటే మార్లవాయిలో ఆగిన పని ఇక్కడ మళ్లీ మొదలవుతుంది. గురుకులానికీ ఆశ్రమ పాఠశాలకూ మధ్య తలసరి ఖర్చులో, టీచర్ల భర్తీలో ఉన్న తేడాను ప్రభుత్వం ఏటా బహిరంగంగా చెప్పి, గడువు పెట్టి తగ్గించాలి. వాగుల కాలం, మిర్చి కాలం, తునికాకు కాలం, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర చూసుకుని ఏజెన్సీ బడికి వేరే క్యాలెండరు ఇచ్చే అధికారం ఐటీడీఏకు ఇవ్వాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు గ్రామసభకు హాజరై, అక్కడ జరిగింది రాసుకుని వచ్చి తరగతిలో చదవడం ప్రాజెక్టు పనిగా మార్కులు ఉన్న అంశం కావాలి. వీటిలో దేనికీ కొండలు కదలనక్కర్లేదు.

అన్నిటికన్నా ముందు లెక్క మారాలి. ఆశ్రమ పాఠశాలల నుంచి గత పదిహేనేళ్లలో పది పూర్తిచేసిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో ఐటీడీఏ గూడెం వారీగా ప్రకటించాలి. ఎందరు ఐఏఎస్‌లయ్యారన్న గడితో పాటు ఎందరు ఏఎన్‌ఎంలు, పంతుళ్లు, బీట్ ఆఫీసర్లు, పంచాయతీ కార్యదర్శులు, వార్డు సభ్యులు అయ్యారన్న గడి ఉండాలి. ఎన్ని అటవీ హక్కుల కమిటీల్లో కార్యదర్శి ఆ ఊరి బడిలో చదివినవారే, ఎన్ని గ్రామసభల తీర్మానాలను ఊరివాళ్లే రాసుకుంటున్నారు, ఎన్ని చోట్ల పంచాయతీ ఉద్యోగి రాసి తెచ్చిన కాగితం కింద సంతకాలు పెడుతున్నారు అన్నది కూడా అందులో ఉండాలి. సర్వేల్ లాంటి బడి రాష్ట్రానికి ఎందరిని ఇచ్చిందో మనకు తెలుసు. ఏటూరునాగారం బడి తన గూడేలకు ఎందరిని ఇచ్చిందో తెలియాలి. అందుకు కొత్త చట్టం రానక్కర్లేదు, రాజ్యాంగ ధర్మాసనం కూర్చోనక్కర్లేదు. ప్రాజెక్టు అధికారి సంతకంతో ఒక ఉత్తర్వు చాలు, రాబోయే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.